దొరకని ప్యాకేజీ పేరు

అయినా గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ మీద కొత్త ఇంటిపేరు ఎంత ముద్దుగా ఉందో, రొట్టెలకని కిందికి దిగి మూడుసార్లు చదువుకున్నాను, పెళ్లై పందొమ్మిది రోజులే కదా, పైకొచ్చేసరికి మా ఆయన హినెక్ కాఫీ కప్పు వెనక నుంచి, ప్రోగ్రాంలో నేను చేసిన మార్పు చూశావా, పన్నెండింటికి విడుదల, నువ్వు సరేనంటే చాలు అన్నాడు, చెక్ దేశపు బ్ర్నో ఊళ్లో ఈ చిన్న ఇంట్లో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒకే ప్రోగ్రాం రాస్తాం మేం, ఎవరికి ఏ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కావాలన్నా, దానికి తోడు కావలసినవన్నీ వెతికి తెచ్చి అమర్చే ప్రోగ్రాం, ఒకరు రాసింది మరొకరు ఒప్పుకుంటేనే బయటికి వెళ్తుంది, పెళ్లికి ముందు అతని రాత ఎన్నిసార్లు తిప్పికొట్టానో, ఇప్పుడు మాత్రం వేలు ఆడటం లేదు, దొరకని ప్యాకేజీని వదిలేసి, మిగతావి అమర్చి, అంతా పూర్తయింది అని ఆకుపచ్చ అక్షరాల్లో చెబుతోంది అతని మార్పు, లేనిదాని ఊసే లేదు.

మంచి మనసుతోనే రాశాడు, ఒక్కటి లేదని అంతా ఆపేస్తే జనం విసుక్కుంటారట, నిజమే, కానీ ఆ ఒక్కటీ రోజూ రికార్డులకు నకళ్లు తీసి దాచేది అయితే, ఏ గ్రంథాలయంలోనో ఒకావిడ ఆ ఆకుపచ్చని నమ్మి హాయిగా ఇంటికెళ్లిపోతే ఏం గతి, హినెక్ మా పెళ్లినాడూ ఇంతే, మా తాతయ్యకు జ్వరం, రావడం లేదని ఫోనొస్తే నాకు చెప్పకుండా, ఖాళీ కనబడకూడదని ఆయన కుర్చీ తీయించేశాడు, నేను ప్రతి డాన్సు మధ్యలోనూ గుమ్మం వైపే చూశాను, తాతయ్య ఇప్పుడు కులాసా, ఫోన్లో తిడుతున్నాడు కూడా, ఆ సాయంత్రం నన్ను బాధపెట్టింది ఆయన రాకపోవడం కాదు, వస్తాడని చూడటం.

ఏంటి మేడం, మొగుడని జాలి చూపిస్తున్నావా అన్నాడు, లేదు, ఒప్పుకోను అన్నాను, పందొమ్మిది రోజులకే అలకా అన్నాడు, అలక కాదు బాబూ, చదువుకో అని ఇలా టైప్ చేశాను, ఏదీ అమర్చకముందే అన్నీ వెతుకు, దొరకనివన్నీ ఒకేసారి పేర్లతో చెప్పు, ఏది దేనికి కావాలో చెప్పు, అవి లేకుండా సాగాలో ఆగాలో వాడేవాళ్లనే అడుగు, నువ్వు తేల్చకు, చదివాడు, చెవులు ఎర్రబడ్డాయి, ఇది తాతయ్య గురించేనా అన్నాడు, రెండింటి గురించీ అన్నాను, విడుదల రేపటికి జరుపుతాలే అని గొణిగి రాయడం మొదలుపెట్టాడు, వంచిన ఆ తలని చూస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది, నా ముఖం చిన్నబోవడం చూడలేకే దాస్తాడు ఈ పిచ్చివాడు, చిన్నబోతే పోనీ, ఓదార్చడానికి బల్లకు అవతలే ఉన్నాడుగా.