చిన్నగదిలో ఎవరూ పడుకోరు

“పరుపు మడిచి గ్యారేజీలో పడెయ్ హెదర్. ఆ ఇన్‌స్పెక్టరావిడ పదింటికల్లా వచ్చేస్తుంది,” అన్నాడు మా ఆయన క్లైవ్, టోస్టు మీద వెన్న రాసుకుంటూ.

అది నా పరుపు. ఆరేళ్ళుగా నేను పడుకుంటున్నది. దాన్ని చిన్నగదిలోంచి మెట్ల మీదుగా నేనే ఈడ్చుకుంటూ దింపాను. దాని చోట క్రిస్మస్ చెట్టు పెట్టె, పాత సూట్‌కేసులు, పాడైపోయిన వాక్యూమ్ క్లీనర్ పేర్చాను. అచ్చం సామాన్ల గదిలాగే తయారైంది. అంత బాగా సర్దినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

క్లైవ్ పనిచేసే ఉన్ని మిల్లు మూతపడ్డాక ఈ పాత రాతి ఇంట్లో గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఐదుగురున్నారు, ముగ్గురు యూనివర్సిటీ పిల్లలు, ఇద్దరు నర్సులు. మా ఊరు హడర్స్‌ఫీల్డ్‌లో అంతమందిని పెట్టుకోవాలంటే ఊరి కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. పోయినసారి కాగితాలు చూసే ఇచ్చేశారు. ఈసారి ఇన్‌స్పెక్టరే వస్తోంది. దరఖాస్తులో యజమాని అన్నచోట క్లైవ్ తన పేరు రాసుకుని, మేనేజర్ అన్నచోట నా పేరు రాశాడు. “చూశావా, ప్రమోషన్ వచ్చింది నీకు,” అని నవ్వాడు. జీతం సంగతేంటని అడిగితే, “సొంత ఇంటి పనికి జీతమేంటే, నీ మొహం,” అన్నాడు. దుప్పట్లు ఉతకడం, గ్యాస్ తనిఖీ మనిషి వెంటపడి సర్టిఫికెట్ తెప్పించడం, మంటల్ని ఆపే తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయో లేదో చూడడం, నెలకోసారి చీపురు కర్రతో ప్రతి గదిలోనూ పొగ అలారం నొక్కి అది కూస్తోందో లేదో వినడం, అన్నీ మేనేజర్‌గారి పనులే.

మొదట్లో మేమిద్దరం పెద్దగదిలోనే పడుకునేవాళ్ళం. తర్వాత క్లైవ్‌కి నడుంనొప్పి పట్టుకుంది. “ఒక్కణ్ణే విశాలంగా పడుకోమన్నాడు డాక్టరు. నువ్వెంత, పిట్టంత మనిషివి, ఎక్కడైనా ఇముడుతావు. ఈ ఒక్క చలికాలమేగా,” అన్నాడు. “వాడికి నిద్ర లేకపోతే కోపమొస్తుంది తల్లీ, నీకు తెలుసుగా,” అని మా అత్తగారు వంత పాడింది. తెలుసు కాబట్టే చిన్నగదిలోకి వెళ్ళాను. ఆరు చలికాలాలు గడిచాయి.

ఆ గదిలోనే ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ ఉంది. కాళ్ళు చాపితే దానికే తగులుతాయి. కిటికీ రెక్కలు ఎప్పుడో రంగేసినప్పుడు అతుక్కుపోయాయి, తెరుచుకోవు. ఈ చలికాలం పొద్దున్నే లేస్తే తలపోటు, వికారం. “ఆ వయసు ఆడవాళ్ళకి ఉండేదేలే,” అన్నాడు క్లైవ్. బాయిలర్ ఉన్న గదిలో మనుషులుంటే విషవాయువును పసిగట్టే అలారం తప్పనిసరి. సామాన్లకైతే అక్కర్లేదు. అందుకే ఫారంలో చిన్నగది పక్కన ‘సామాన్లు’ అని రాశాడు. అలారం కొనకపోవడంతో రెండు పొట్లాల చేపా చిప్స్‌కయ్యే ఖర్చు కలిసొచ్చింది.

పదింటికి ఇన్‌స్పెక్టర్ ఫౌజియా వచ్చింది. గదిగదికీ వెళ్ళి లేజర్ మీటరుతో గోడ మీద ఎర్రచుక్క వేసి కొలిచింది. అలారాలన్నీ చూసి, “బాగా చూసుకుంటున్నారు,” అంది నాతో. చివరికి చిన్నగది దగ్గరికొచ్చాం.

“ఆరున్నర చదరపు మీటర్లకి తగ్గితే పెద్దవాళ్ళు పడుకోకూడదు. ఇది ఐదు కూడా లేదు,” అంది.

“ఇందులో కుక్క కూడా పడుకోదు తల్లీ,” అన్నాడు క్లైవ్.

ఆ మాట నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఫౌజియా కాగితం నా ముందు పెట్టింది. “ఇక్కడ ఎవరూ నిద్రపోరని మేనేజర్ సంతకం పెట్టాలి. తర్వాత అబద్ధమని తేలితే కేసు మీమీదే ఉంటుంది.”

“పెట్టెయ్ హెదర్. ఆవిడకి వేరే ఇళ్ళు కూడా ఉన్నాయి,” అన్నాడు క్లైవ్.

నిజం చెబితే లైసెన్సు ఆగిపోవచ్చు. ఆ ఐదుగురూ వెళ్ళిపోతే మాకు గడిచేదెలా? క్లైవ్ నెలల తరబడి మాట్లాడడు. సంతకం పెడితే సాయంత్రం పరుపు మళ్ళీ పైకెక్కుతుంది, నేను ఆ బాయిలర్ పక్కన పడుకుంటాను. ఏదో ఒక రోజు తలపోటుతో కూడా లేవను. నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ క్లైవ్ కోపానికి భయపడేదాన్ని, ఇప్పుడు నా ప్రాణం గురించి భయపడ్డాను.

“నేను పడుకుంటాను ఇక్కడ,” అన్నాను. “ఆరేళ్ళుగా.”

క్లైవ్ పకపకా నవ్వాడు. “మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ.”

ఫౌజియా నవ్వలేదు. నా వైపు తిరిగి, “పొద్దున లేవగానే తలపోటు వస్తోందా మీకు?” అని అడిగింది. ఇన్నాళ్ళూ ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. తలూపాను.

“ముందు బాయిలర్ ఆపేయండి. గ్యాస్ మనిషిని పిలిపించండి. ఈ రోజు నుంచి ఈ గదిలో ఎవరూ పడుకోవడానికి వీల్లేదు.”

“మరి ఇదెక్కడ పడుకుంటుంది?” అన్నాడు క్లైవ్. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

ఫౌజియా కాగితం మీద ‘సామాన్లు’ అన్న మాట కొట్టేసింది. పెన్ను పైకెత్తి, “పెద్ద పడకగదిలో ఎందరని రాయమంటారు?” అంది.

“ఇద్దరం,” అన్నాడు క్లైవ్ గబగబా.

“ఒక్కరే,” అన్నాను. “నా పేరు రాయండి.”