మూత వెనక ఆకుపచ్చ

రంగులాయన షెడ్డులో పని ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. బకెట్లో నీళ్ళు, నీళ్ళలో నానేసిన ఉప్పుకాగితం, నోట్లో దేనిమీదో సణుగుడు. ఈసారి సణుగుడంతా తుప్పు మీద. డ్రైవింగు మాస్టారి పాతకాలపు కారుని కూతురు తెచ్చి అప్పగించినప్పుడు, తలుపు అడుగున నొక్కి చూస్తే వేలు లోపలికి దిగిపోయింది.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనమ్మా. తుప్పు పోవాలంటే రంగంతా గీకెయ్యాలి, ఇనుము దాకా."

కూతురు సరేనంది. ఊళ్ళో సగం మందికి క్లచ్చు వదలడం నేర్పింది ఆ కారులోనే, ఆమె తండ్రే. ఇప్పుడాయనకి కూతురెవరో తెలియదు, నోట్లో పెట్టిన ముద్ద నమలాలనీ తెలియదు. కారుకి ఉన్నది తెల్ల రంగు, భార్య చనిపోయిన నెలలోనే ఆయన వేయించింది. ఆ తర్వాత దాన్ని ఒక్కసారీ బయటికి తీయలేదు. ఏడాది తిరిగేసరికి మనిషీ ఆ తెలుపులాగే అయిపోయారు.

ఆమె సాయంత్రాలు పని నుంచి వస్తూ తండ్రిని షెడ్డుకి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టేది. ఒకరోజు రంగులాయన తలుపు మీద తెలుపు గీకుతుంటే కింద ఆకుపచ్చ బయటపడింది. అది అరచెయ్యంత అయిందో లేదో, మాస్టారు తల తిప్పారు.

"అమ్మలూ, నీ స్కూలు బ్యాగు వెనక సీట్లోనే వదిలేశావు."

కూతురి చేతిలో టీ ఒలికిపోయింది. రంగులాయన చెయ్యి మాత్రం ఆగలేదు. "మాస్టారు ఆకుపచ్చకి వచ్చారు," అన్నాడు, చినుకులు మొదలయ్యాయన్నట్టు. ఏళ్ళ తరబడి ఒకే బండితో బతికినవాళ్ళు, అది ఏ రంగులో ఉంటే ఆ రంగు నాటి రోజుల్లోనే ఉంటారని ఆ వీధిలో అందరికీ తెలుసు. మెకానిక్కులు దాన్నొక విశేషంగా చెప్పుకోరు కూడా.

ఎన్నాళ్ళకి విన్న పిలుపది! ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కానీ ఆ సంతోషం మిగిలిన టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. మాస్టారు గబుక్కున లేచారు. "మీ అమ్మ ఏదే? ఆస్పత్రికి టైమవుతోంది. తాళాలెక్కడ పెట్టావు?"

ఆకుపచ్చ ఏళ్ళంటే కూతురి చదువే కాదు, తల్లి జబ్బు కూడా. జేబులు తడుముకుంటున్న మనిషికి చెప్పక తప్పలేదు. "అమ్మ లేదు నాన్నా. పోయింది." ఆయన అక్కడే నేల మీద కూలబడ్డారు. ఆయనకది అప్పుడే విన్న కబురు మరి. మర్నాడూ అలాగే జేబులు తడుముకున్నారు, మర్నాడూ అలాగే కూలబడ్డారు.

గీకగా గీకగా ఆకుపచ్చ కూడా పోయి నీలం తేలింది. అది పెళ్ళయిన కొత్తల్లోని రంగు. మాస్టారు కాలు మీద కాలేసుకుని ఈల అందుకున్నారు. భార్య పుట్టింటికి వెళ్ళిందట, రేపో మాపో వచ్చేస్తుందట. అంతలో కూతుర్ని చూసి మర్యాదగా కాలు దించారు.

"రండి, కూర్చోండమ్మా. డ్రైవింగు నేర్చుకోడానికి వచ్చారా?"

కన్నతండ్రి నోట 'మీరు' అనిపించుకోవడం చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ఇనుము బయటపడ్డాక మాస్టారు నోరు మెదపడమే మానేశారు. రంగులాయన రంగుల కార్డు ఆమె చేతిలో పెట్టాడు. "తొందరగా తేల్చమ్మా. పాత రంగుల్లో ఏదో ఒకటి వెయ్యాలి. కొత్త రంగు వేస్తే ఆయన ఏ కాలంలోనూ ఉండరు."

"సగం నీలం, సగం ఆకుపచ్చ వేస్తే?"

"ఒకాయనకి అలాగే వేశాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టయింది పాపం. వాళ్ళే వెనక్కి తెచ్చి గీకించుకున్నారు."

ఇంట్లో మేనత్త ఊరుకోలేదు. ఆవిడకి తమ్ముడంటే ప్రేమ, మేనకోడలంటే ఇంకొంచెం ఎక్కువ ప్రేమ. నోరు మాత్రం ఇద్దరి మీదా సమానంగానే చేసుకునేది. "ఆకుపచ్చే వేయించవే. అన్నం పెట్టేదెవరో తెలియని బతుకూ ఒక బతుకేనా? నువ్వసలు వాడికి పుట్టనే లేదన్నట్టుంటే నేను చూడలేను."

"నాకు మాత్రం సరదానా అత్తా? అమ్మ చావు రోజూ కొత్తగా చెప్పమంటావా ఆయనకి?"

అత్త లేచి వెళ్ళి తమ్ముడి కంచంలో అన్నం కలపడం మొదలుపెట్టింది.

కూతురు నీలమే వెయ్యమంది. చెప్పేసి, షెడ్డు గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తన చేతులతో తనే తనని గీకేసుకున్నట్టనిపించింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

రంగులాయనకో అలవాటుంది. ఏ బండికి రంగు వేసినా పెట్రోలు మూత లోపలివైపు పాత రంగు కొంచెం వదిలేస్తాడు, బండికి ఆనవాలుగా. తెలుపు వేసిన బద్ధకస్తుడెవరో మూత తెరవనే లేదు కాబట్టి అక్కడ ఆకుపచ్చ అలాగే ఉంది. ఆ సంగతి ఈయన చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా చెప్పేది.

నీలం కారులో తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నేరుగా పెట్రోలు బంకుకి పోనిచ్చింది. ట్యాంకు ఖాళీగా ఉంది. బంకు మనిషి మూత తెరిచాడు.

"అమ్మలూ, సీటు ముందుకి లాక్కోమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

ఆమె పక్క అద్దంలోకి చూసింది, తెరిచిన మూత లోపల ఆకుపచ్చ కనిపించింది. మాస్టారు చెయ్యి చాచి ఆమె మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోశారు. "ఎంత పెద్దదానివయ్యావే!" అంటూ మురిసిపోయారు. అంతలోనే ఆయన చూపు ఎవరికోసమో వెనక సీటు మీదికి వెళ్ళింది. నుదురు ముడిపడింది. చెయ్యి జేబులో తాళాలు వెతకడం మొదలుపెట్టింది.

"మూసెయ్యండి! చాలు, మూసెయ్యండి!" అని అరిచింది కూతురు.

"ఇప్పుడే కదా మేడం మొదలెట్టింది. ఫుల్ చేయించుకోవచ్చుగా?"

"పోసినంత చాలండీ."

మూత పడింది. వెనక్కి తిరిగిన మొహం మళ్ళీ ఇటు తిరిగేసరికి అందులో పరాయి మనిషి మర్యాద ఉంది. కారు రోడ్డెక్కింది. మాస్టారు కాసేపు ఆమె కాళ్ళ వైపు, గేరు మీది చేతి వైపు పరీక్షగా చూశారు.

"బాగా నడుపుతున్నారమ్మా. ఎవరు నేర్పారు?"

"మా నాన్నగారండీ."

"గట్టి మాస్టారే."

"అవునండీ," అంది ఆమె. కళ్ళు తుడుచుకుని పెట్రోలు ముల్లు వైపు చూసింది. అది అడుగునుంచి కొంచెమే లేచింది. ఇంటిదాకా సరిపోతుంది. రేపు మళ్ళీ పోయించుకోవాలి.