కుడి కణత వెలుగు

అండాలమ్మ పొద్దున ఏడింటికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ పండ్ల దుకాణంలో కూర్చుంటుంది. మాట కోసం వెతుక్కుంటే మనిషి ఎడమ కణత మీద జీరో బల్బంత వెలుగు రావడం లోకంలో ఉన్నదే, దాన్నెవరు పట్టించుకుంటారు? ఈ మధ్య ఆమెకు కుడి కణత కూడా వెలుగుతోంది. దాంతో కొడుకు జగన్‌కు పట్టుకుంది రంధి. అమ్మకు మతి పోతోందని ఒకటే గోల. దవాఖానలో మతి పరీక్ష చేయిస్తానని, అందులో తప్పితే దుకాణం మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానని తెగేసి చెప్పాడు. దుకాణం లేకపోతే అండాలమ్మకు అన్నం కూడా సహించదు.

ఎల్బీ నగర్ దవాఖానలో పరీక్ష పెట్టే బిందుమాధవి గుంటూరు వైపు పిల్ల. నిమిషంలో ఎన్ని పండ్ల పేర్లు వస్తే అన్ని చెప్పమంది. గడ్డిఅన్నారం మార్కెట్‌లో నలభై ఏళ్లు కాయలు ఏరిన మనిషికి అదొక లెక్కా! కణతలు రెండూ వెలిగించుకుని బేనిషాన్, దసేరి, హిమాయత్, కేసర్, తోతాపురి, పెద్దరసం అంటూ ఊపిరి తిప్పుకోకుండా ఇరవై రెండు చెప్పింది.

"అన్నీ మామిడిపళ్లే కదండీ. రూలు ప్రకారం ఒకటే మార్కు," అంది బిందుమాధవి ఇబ్బందిగా.

ఇక దుకాణం పోయినట్టే అనుకుంది అండాలమ్మ. ఉత్త మామిడి అంటే మార్కెట్‌లో నవ్వరూ? జగన్ మాత్రం నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు.

మార్కుల సంగతి పక్కన పెట్టమంది బిందుమాధవి. పెద్ద వయసులో ఎడమ కణత అలిసిపోతే కుడిది సాయం పడుతుందట. అది మతి పోవడం కాదు, మాట జారిపోకుండా పట్టుకోవడమేనని, మతి పోతే ఏ కణతా వెలగదని చెప్పింది.

జగన్‌కు ఒళ్లు మండింది. "గిదేం పరీక్ష మేడం? చిన్న పోరగాళ్లు గూడ చెప్తరు, సూడున్రి," అని తనే మొదలుపెట్టాడు. యాపిల్ అన్నాడు, అరటి అన్నాడు, జామ అన్నాడు. ఆగిపోయాడు.

"గదే... రోజూ దింపుత గద, రసం తీస్తరు..." చేతులు గాలిలో గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎడమ కణత వెలగలేదు. కుడిదీ వెలగలేదు. ఇప్పుడు వెలుగుతుంది, ఇప్పుడు వెలుగుతుంది అనుకుంటూ అండాలమ్మ కొడుకు కణతలనే చూస్తూ కూర్చుంది. బత్తాయి అని నాలుక చివరిదాకా వచ్చినా అందించడానికి ధైర్యం చాలలేదు.

బిందుమాధవి అండాలమ్మ కాగితం పక్కకు జరిపి కొత్తది తీసింది.

"జగన్ గారూ, మీ వయసెంతండీ?"

జగన్ తల్లి మొహంలోకి చూశాడు.

"నలభై రెండు. రాసుకో బిడ్డా," అంది అండాలమ్మ.