ఏబెల్ కట్టిన చక్రాలు

కృపామణి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మనవరాలు గ్రేసీ పక్కనే ఈనెలు ఏరుతోంది. ఇంటి ముందు ఆటో ఆగింది. చెంగల్రాయుడు దిగాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో టైరు లేని పాత మోపెడ్ చక్రం.

రేణిగుంట దగ్గర ముప్పై ఏళ్ల కిందట మూతబడిన మోపెడ్ల ఫ్యాక్టరీలో ఆయన తనిఖీ ఉద్యోగిగా చేశాడు. అక్కడ పనిచేసిన వాళ్లందరి పేర్లూ చేర్చి ఇప్పుడొక పుస్తకం వేయిస్తున్నాడు. రేపే అచ్చుకు పోతుంది. కృపామణి భర్త, చనిపోయిన ఏబెల్ ఫొటో కోసం పాకాల దాకా వచ్చాడు.

"మా ఏబెల్ ఇంటికి తీసకపోయి కట్టుకొచ్చిన చక్రాలు సూడాల పాపా! రిమ్ముకి వెంట్రుకంత దూరంలో సుద్దముక్క పెట్టి తిప్పినా యాడా గీత పడేది కాదు. ఆ చేతిలో ఏం మహిమ ఉండాదో!"

కృపామణి తలెత్తలేదు. గ్రేసీకి ఉండబట్టలేదు.

"అవి కట్టింది అవ్వ, సార్. తాత రైల్లో రిమ్ములు తెచ్చి ఇచ్చేవాడంట, అంతే. పుస్తకంలో అవ్వ పేరు గూడా వేయండి."

ఆయన నవ్వాడు. "ఫ్యాక్టరీ ఇచ్చిన టోకెన్ నంబరు ఉండేవాళ్లకే పాపా. లేనోళ్లకి గూడా వేస్తే గేటు కాడ బోండాలు అమ్మినోడు నా పేరేదప్పా అని వస్తాడు. అయినా స్పోకులు కట్టేది ఆడోళ్ల పనా?"

కృపామణి చేతులు కడుక్కుని, లోపల్నుంచి స్పోకులు బిగించే పాత కీ తెచ్చుకుంది. "ఆ చక్రం ఇట్లియ్యి సామీ."

"ఎందుకులేమ్మా! అట్ట మీద బొమ్మకని చిత్తూరులో ముగ్గురు మెకానిక్కులకి ఇచ్చినా. వంకర పోలేదు."

ఆమె అప్పటికే చక్రం అందుకుంది. స్పోకులన్నీ విప్పింది. ముప్పై ఆరు. తర్వాత కళ్లు మూసుకుంది. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి, ఒకదాని మీదుగా ఇంకొకటి, వేళ్లు తమంతట తామే దారి వెతుక్కుంటూ పోయాయి. గ్రేసీ ఈనెలు పక్కన పెట్టి చూస్తోంది. ఇన్నాళ్లూ చెప్పగా విన్నదే గానీ ఎప్పుడూ చూడలేదు. ఒక్కో స్పోకునూ అవ్వ గోటితో మీటి, చెవి ఒగ్గి, కీ పెట్టి రవ్వంత తిప్పుతోంది. మొదట తలా ఒక తీరుగా పలికాయి. అరగంట గడిచేసరికి ముప్పై ఆరూ ఒక్క గొంతుతో మోగాయి.

గ్రేసీ ఇరుసు పట్టుకోగా, చెంగల్రాయుడు జేబులోంచి సుద్దముక్క తీసి రిమ్ము పక్కన పెట్టి చక్రం తిప్పాడు. గీత పడలేదు. ఇంకా దగ్గరగా పెట్టి మళ్లీ తిప్పాడు. పడలేదు.

"ఏబెల్ ఒక్కనాడైనా చెప్పలేదే నాకు!"

"ఆడమనిషి కట్టిందని తెలిస్తే మీరు చూసేవాళ్లా సామీ? పక్కన పారేసేవాళ్లు గదా." ఆమె గొంతులో కోపం లేదు.

ఆయన కాగితాలు విప్పి, ఏబెల్ పేరు కింద ఒక్కో అక్షరమే దిద్దినట్టు 'కృపామణి' అని రాశాడు. విభాగం: చక్రాలు. టోకెన్ గడి ఖాళీగా వదిలేశాడు. కాగితం ఆమె ముందు పెట్టి, ఆమె చదివేదాకా ఆగాడు. గ్రేసీ తెచ్చిచ్చిన ఏబెల్ ఫొటోను కాగితాల్లో పెట్టుకుని, ఫోన్ తీసి, చక్రం పట్టుకున్న ఆమెను ఫొటో తీశాడు.

తర్వాత ఆ చక్రాన్ని రెండు చేతులా అందుకున్నాడు. జాగ్రత్తగా పట్టుకుని వసారా దిగి వెళ్లిపోయాడు.