కాజీపేట కుడిపాదం

నేను ఒక చెక్క పాదాన్ని. కుడిపాదాన్ని. బూట్లు కుట్టేవాళ్లు నన్ను ఫర్మా అంటారు. తోలును నా మీద బిగించి కుడితే దానికి కాలి ఆకారం వస్తుంది. నాకు చేతులు లేవు కాబట్టి నా కథను ఇంకొకరు రాసిపెడుతున్నారు. ఆమె అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు తప్పుతాయి, ఒకచోట పెట్టాల్సిన దీర్ఘం ఇంకోచోట పడుతుంది, ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి పక్కనున్న చాయ్ చల్లారిపోతుంది. చదివేవాళ్లు పెద్దమనసుతో సర్దుకోవాలి.

మద్రాసు పక్కన ఒక చిన్న కార్ఖానాలో ఇరుగుడు చెట్టు చేవతో నన్ను చెక్కారు. చెక్కినతని పేరు తెలియదు. రోజుకు ఇరవై పాదాలు చెక్కేవాడు, తన కాళ్లకు మాత్రం చెప్పులు లేవు. మనుషుల గురించి నేను చూసిన మొదటి వింత అది. నాతోపాటు ఒక ఎడమపాదం కూడా పుట్టింది. ఇద్దరినీ ఒకే తాడుతో కట్టి సికింద్రాబాదు పంపారు.

అక్కడ ఒక బూట్ల మేస్త్రీ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాను. పెద్ద ఉద్యోగాలవాళ్లు వచ్చేవారు. మగవాళ్లు తమ కాలి కొలత ఒక నెంబరు ఎక్కువ చెప్పేవారు, వాళ్ల ఆడవాళ్లు ఒక నెంబరు తక్కువ చెప్పేవారు. మేస్త్రీ ఇద్దరికీ తలూపి, తన జానతో కొలుచుకునేవాడు. ఆయన పోయాక కొడుకులు మిషను బూట్ల దుకాణం పెట్టి, మమ్మల్నందరినీ గోనెసంచిలో వేసి తూకానికి అమ్మారు. ఆ సంచిలోంచి మా జంటను ఏరి తెచ్చుకున్నవాడు ఓదెలు. కాజీపేటలో ఫుట్‌బాల్ మైదానం గేటు పక్కన చెప్పులు కుట్టేవాడు. నా ఎడమ జోడు ఎక్కువ రోజులు బతకలేదు. వానాకాలం ఇంట్లో మంచం ఊగుతోందని కోడు కింద పెట్టారు, చెదలు తినేశాయి. ఆ మంచం కిందికి నేను పోనందుకు ఇప్పటికీ సంతోషమే.

మైదానంలో మార్నింగ్ స్టార్ అని ఒక చిన్న క్లబ్బు ఉంది. దాన్ని నడిపేది జలీల్ సారు. ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్ల పిల్లలను పట్టుకొచ్చి, బంతిని కాలితో ఆపడం దగ్గర మొదలుపెట్టి నేర్పిస్తాడు. వాళ్లకు పదిహేనేళ్లు వచ్చేసరికి హైదరాబాదు నుంచో, గోవా నుంచో, కలకత్తా నుంచో ఎవరో ఒకాయన వచ్చి, చేతిలో పుస్తకం పట్టుకుని గీత బయట కూర్చుంటాడు. వచ్చే సీజనుకు ఆ పిల్లాడు ఇక్కడ ఉండడు.

"గుడ్డు పెట్టంగనే పొదిగేది మనం. కూత నేర్చే యాళ్లకు పోయి వాళ్ల గంప కింద పడుకుంటది," అనేవాడు జలీల్ సారు, ఓదెలు ముందు గొంతుక్కూర్చుని.

"గంప పెద్దది గద సార్," అనేవాడు ఓదెలు.

ఓదెలుకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇద్దరి పాదాలూ ఒక్కలా ఉండవని, బూటు బాగుచేసే ముందు ఆ పిల్లాడి కాలిని చేత్తో తడిమి చూసి, ఉబ్బు ఉన్నచోట నా మీద సన్న తోలుముక్కలు చిన్న మేకులతో కొట్టేవాడు. అప్పటికి నేను ఆ పిల్లాడి పాదాన్ని. వాడు పెద్ద క్లబ్బుకు వెళ్లిపోగానే ముక్కలు పీకేసి ఇంకొకరివి కొట్టేవాడు. నా ఒంటి నిండా మేకుల గుంతలే. ఎవరెవరు వెళ్లిపోయారో క్లబ్బు రిజిస్టరు కంటే నాకే బాగా తెలుసు.

ఓదెలు గుండెనొప్పితో పోయాక ఆ గేటు పక్కన ఆయన భార్య పోచవ్వ కూర్చుంది. ఆ చోటు కోసం సోడాబండి వాళ్లు ఎగబడ్డారు. జలీల్ సారే అడ్డుపడ్డాడు. "మా పిల్లల బూట్లు ఆమె కుడ్తది. ఆమె ఈడనే ఉంటది," అన్నాడు. ఆ మాటను పోచవ్వ మరిచిపోలేదు. భర్త నుంచి ఆమెకు తోలు గుచ్చే ఆరె వచ్చింది, తోలు కోసే రంపె వచ్చింది, నేను వచ్చాను, "రేపు" అనే మాట కూడా వచ్చింది. ఈ పనిలో ఆ మాట లేకుండా పూట గడవదు. ఎవరొచ్చినా రేపే. పెళ్లికొడుకు వచ్చినా రేపే. జనం తిట్టుకుంటూ పోయేవారు, మర్నాడు మళ్లీ వచ్చేవారు.

పోచవ్వకు చదువు లేదు. ఎవరి జోడో గుర్తుండడానికి అడుగున సుద్దతో గీతలు గీసేది. రెండు గీతలు గోలు కాసే గోలీ, మూడు గీతలు బ్యాకు. ఒకరోజు వాన చినుకులకు గీతలు చెరిగి గోలీ బూట్లు బ్యాకు తొడుక్కుపోయాడు, ఇద్దరూ మైదానంలో బాతుల్లా నడిచారు. అప్పుడు క్లబ్బు అమ్మాయిల జట్టులో ఉన్న విమల అనే పిల్ల నవ్వి నవ్వి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"గీతలెందుకవ్వా, పేర్లు రాయరాదు?"

"రాసుడొస్తే వీళ్లతోని తిట్లెందుకు తింట బిడ్డా."

ఆ రోజు నుంచి విమల ఆటకు ముందు ఒక్కో అక్షరం బూటు అడుగున రాసి చూపించేది. పోచవ్వ పలక మీద కాదు, అరిగిన రబ్బరు మీద నేర్చుకుంది.

విమల తండా పిల్ల. చిన్నప్పుడు కుడికాలి మీద బండరాయి పడి బొటనవేలి కీలు గుండ్రంగా ఉబ్బిపోయింది. కొన్న బూటు ఏదీ ఆ కాలికి పట్టదు. పోచవ్వ మూడుసార్లు కుట్టి, విప్పి, నా మీద ఐదు తోలుముక్కలు ఒకదాని మీద ఒకటి కొట్టి, చివరికి సరైన పాదం తెచ్చింది. ఆ బూటు వేసుకుని విమల పరుగెడితే ఎదుటివాళ్లు ఆమె వీపునే చూసేవారు. జలీల్ సారు అందరి ముందూ పొగిడేవాడు కాదు, బయట ఎవరైనా వింటారేమోనని భయం.

ఎలాగో విన్నారు. బెంగళూరు నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి వచ్చి రెండు మ్యాచులు చూసి వెళ్లాడు. శనివారం పొద్దున అక్కడ పరీక్ష ఆటలున్నాయి, నచ్చితే అక్కడే హాస్టలు, చదువు, ఆట అని కబురు పంపాడు. శుక్రవారం సాయంత్రం బండి ఎక్కాలి. వాళ్లకు ఇంకో ఇద్దరు పిల్లలు వరసలో ఉన్నారు, రాకపోతే ఆగరు. ఇక్కడేమో ఆదివారం మ్యాచ్. గెలిస్తే మార్నింగ్ స్టార్ అమ్మాయిలు పద్దెనిమిదేళ్ల తర్వాత రాష్ట్రం లీగుకు పోతారు. విమల లేకుండా గెలవడమంటే కష్టమే.

సరిగ్గా ఆ వారమే విమల కుడిబూటు అడుగు ఊడింది. మంగళవారం పోచవ్వ దగ్గర పెట్టి వెళ్లింది. బుధవారం జలీల్ సారు వచ్చి ఎప్పటిలాగే గొంతుక్కూర్చున్నాడు.

"పోచవ్వా, ఒక మాట చెప్తే ఇంటవా?"

"చెప్పు సార్."

"శుక్రారం ఆ పిల్ల వస్తది. రేపు రమ్మను."

పోచవ్వ చేతిలో ఆరె ఆగింది. "రేపంటే బండి పోతది గద సార్."

"గందుకే చెప్తున్న." ఆయన ఆమె ముఖం చూడలేదు, నన్నే చూస్తూ మాట్లాడాడు. "ఇరవై ఏండ్ల సంది లోకానికంతా రేపే అంటున్నవ్. నా చెప్పులకే నాలుగు రేపులన్నవ్. నాకోసం ఒక్క రేపు అనరాదా? ఆదివారం అయినంక ఎటన్న పోనీ."

"వాళ్లు ఆగరట గద."

"వాళ్లు ఎన్నడు ఆగిన్రు పోచవ్వా? ఆగేది మనమే."

ఆయన లేచి వెళ్లాక చాలాసేపు ఆమె నా మీదున్న బూటును ముట్టుకోలేదు. నీడనిచ్చిన మనిషి నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. గురువారమంతా పాత చెప్పులు కుట్టింది. నేను నోరు తెరిచిన బూటుతో ఆ మూలనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి విమల వచ్చింది. చేతిలో గుడ్డసంచి, తలకు నూనె.

"అయ్యిందా అవ్వా?"

పోచవ్వ తల ఎత్తలేదు. "రేపు రా," అంది.

ఆ మాటకు ఎవరైనా పోట్లాడతారు. ఎన్ని రేపులని అడుగుతారు. విమల అడగలేదు. కాసేపు సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, కింద కూర్చుంది.

"సరే అవ్వా. పోతే పోనీ. నీకు ఒత్తులు సగమే చెప్పిన, అవన్న అయితయి." అని సుద్దముక్క కోసం చెయ్యి చాపింది.

పోచవ్వ ఆ చేతిని పట్టుకుని ఆపింది. "నన్ను తిట్టు బిడ్డా," అంది.

"ఎందుకవ్వా?"

పోచవ్వ నన్ను ఒడిలోకి లాక్కుంది. "కూసో. ఇయ్యాల్నే అయితది. బండి ఎన్నింటికి?"

"ఐదింటికి."

నా ఇన్నేళ్లలో ఆమె చెయ్యి గాని, ఆమె భర్త చెయ్యి గాని అంత వేగంగా నడవడం చూడలేదు. ఆరె గుచ్చడం, దారం లాగడం, మళ్లీ గుచ్చడం. సగం అయ్యేసరికి స్కూటరు ఆగింది. జలీల్ సారు. బూటును చూశాడు, విమల సంచిని చూశాడు, పోచవ్వను చూశాడు. ఆమె కుట్టు ఆపలేదు. నేనైతే ఆయన ఏమంటాడో అని నా చేవ లోపల వరకు బిగుసుకున్నాను.

ఆయన గొంతుక్కూర్చున్నాడు.

"దారం పొడిగున్నది. తెగుతది," అన్నాడు. "మైనం ఇటియ్యి."

ఫిట్టరు పని చేసిన వేళ్లు. దారాన్ని మైనంతో రుద్ది రుద్ది అందిస్తూ ఉంటే ఆమె కుడుతూ పోయింది. నాలుగు ఇరవైకి నా మీద నుంచి బూటు తీశారు. విమల తొడుక్కుని రెండుసార్లు ఎగిరింది. జలీల్ సారే ఆమెను స్కూటరు మీద స్టేషనుకు తీసుకెళ్లాడు. వెళ్లేటప్పుడు పోచవ్వతో, "ఆదివారం గోలీని గట్టిగ నిలవెట్టాలె," అన్నాడు. అంతే.

ఆదివారం మార్నింగ్ స్టార్ రెండు గోల్స్‌తో ఓడింది. గోలీ గట్టిగానే నిలబడింది, లేకపోతే ఐదు పడేవి. రాష్ట్రం లీగు మళ్లీ వచ్చే ఏటికి పోయింది. సోమవారం జలీల్ సారు తన చెప్పులు తెచ్చి పోచవ్వ ముందు పెట్టాడు. "నువ్వు రేపన్నుంటే నా మొఖం నేనే చూసుకోకపోతుంటి," అన్నాడు. ఆమె ఆ చెప్పులు అప్పటికప్పుడు కుట్టి ఇచ్చింది. ఆ గేటు దగ్గర అది కూడా చరిత్రే.

పెద్ద క్లబ్బు మీద నాకు కోపం లేదు. అక్కడ పిల్లకు పాలు, గుడ్లు, చదువు, దెబ్బ తగిలితే డాక్టరు ఉన్నారు. ఇక్కడ ఆమెకు ఇవ్వగలిగింది ఇచ్చాం. ఇవ్వలేనిది వాళ్లు ఇచ్చారు. పోచవ్వ రెండు క్లబ్బులకూ దండం పెట్టుకుంటుంది.

రెండేళ్ల తర్వాత, పోయిన నెల, పోచవ్వకు ఫోను వచ్చింది.

"అవ్వా, నా కాలు పంపుతవా?"

"ఏం కాలు బిడ్డా?"

"నీ చెక్క కాలు." విమల కొంచెం పెరిగింది, పాత బూటు బిగుతైంది. అక్కడ మిషను మీద కొలిచి చేసిన బూట్లన్నీ కీలు దగ్గర కోస్తున్నాయి, మూడు మ్యాచులు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది. బూట్లు చేసేవాళ్లు ఏ ఆకారం మీద కుట్టారని అడిగితే, తన పాదం కాజీపేటలో ఉందని చెప్పిందట. దాన్ని పంపగలరా అని క్లబ్బు వాళ్లు మర్యాదగా ఉత్తరం కూడా రాశారు.

పోచవ్వ దగ్గరున్న చెక్క పాదం నేనొక్కడినే. కానీ ఆమె ఒక పూట కూడా ఆలోచించలేదు. విమల వెళ్లినప్పటి నుంచి ఆ ఐదు తోలుముక్కలు నా మీద నుంచి పీకలేదు. ఎందుకు పీకలేదని ఎవరైనా అడిగితే, మేకులు తుప్పు పట్టాయి, రావడంలేదని చెప్పేది. కొత్త బూటు కొంచెం పెద్దది కావాలి కాబట్టి, ఇప్పుడు ఆరో ముక్క కొట్టి, అంచులు రంపెతో నున్నగా చెక్కింది.

జలీల్ సారు అట్టపెట్టె తెచ్చాడు, గడ్డి పరిచాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆటగాళ్లను వేరే క్లబ్బుకు వదిలేటప్పుడు నింపే కాగితం. ఇన్నేళ్లలో అలాంటివి పాతిక నింపి ఉంటాడు, ప్రతిసారీ కలం విసిరికొట్టాడని పోచవ్వ చెప్పగా విన్నాను. ఈసారి నవ్వుతూ నింపాడు. ఆటగాడి పేరు: ఫర్మా. ఆడే చోటు: కుడికాలు. మొదటి క్లబ్బు: మార్నింగ్ స్టార్, కాజీపేట. వెళ్లడానికి మాకు ఎలాంటి అభ్యంతరం లేదు, సంతోషంగా పంపుతున్నాం.

"సారు, ఇదేం పరాష్కం," అంది పోచవ్వ.

"పరాష్కం కాదు. పద్ధతి పద్ధతే. పెంచినోళ్ల సంతకం గావాలె. వేలిముద్ర కాదు, రాయి."

నేను పెట్టెలో పడుకున్నాను. నాకు నలుగురు యజమానులు, లెక్కలేనన్ని కాళ్లు. వెళ్లేవాళ్ల బరువు నాకు తెలుసు, వెళ్లడం మాత్రం ఇదే మొదలు. బెంగళూరులో నన్ను చేతుల్లోకి తీసుకునే అయ్యా, ఆ ఆరు ముక్కలు మాత్రం పీకవద్దు. సంతకం కింద ఉంది.

సిలువేరు పోచవ్వ
వయసు అరవై నాలుగు
మైదానం గేటు వెనక సందు, కాజీపేట