సరంగు వేసిన ముడి

వల పడవ మీదకి వచ్చింది. పడవ నడిపించే సరంగు ఎప్పటిలాగే చేపల వైపు చూడనైనా లేదు. మోకాళ్ల మీద కూర్చుని, వలలో ఇరుక్కున్న సీసాలూ, కవర్లూ, తెగిన నైలాను తాళ్లూ ఏరుతున్నాడు. ఉప్పుకి పగిలిన వేళ్లు. కుడి బొటనవేలికి గోరు లేదు. పడ్డ చెత్తని మళ్లీ నీళ్లలోకే విసిరెయ్యడం అన్ని పడవల్లోనూ ఉన్న అలవాటు. పదకొండేళ్లుగా ఈ ఒక్క పడవలో మాత్రం అతను దాన్ని సాగనివ్వడం లేదు. పాత వలతో కుట్టిన గోతాల్లో కూరి, మూతికి తన ముడి వేసి, రేవులో దింపుతాడు.

"అందరి మొగుళ్లూ చేపలు తెస్తారు, నా మొగుడు చెత్త తెస్తాడు" అని భార్య దెప్పుతుంది. ఆ గోతాలు కుట్టేది మాత్రం ఆవిడే.

లారీ పెట్టి తీయిస్తున్నామని రేవు ఆఫీసువాళ్లు చెప్పారు. దింపిన గోతాలు తెల్లారేసరికి కనిపించేవి కావు. అందుకని నమ్మాడు, వెర్రిబాగులవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"మామా, ఇటు చూడు" అన్నాడు ఇంజను డ్రైవరు.

వల అడుగున బురద పట్టిన గోతం. మూతికి రెండు మెలికలు, వాటి మీద ఒక ఎదురు మెలిక. తండ్రి నేర్పిన ముడి. ఈ రేవులో ఇంకెవరికీ రాదు.

"నీ కూతురు పుట్టింటికొచ్చింది మామా" అని నవ్వబోయిన డ్రైవరు, సరంగు మొహం చూసి ఆగిపోయాడు.

పదకొండేళ్లు! నడుం విరిగేలా ఏరిందంతా ఎవరో తీరిగ్గా మళ్లీ సముద్రంలోకే తోస్తున్నారు. సరంగుకి ఒళ్లు మండిపోయింది. చెమట పట్టింది. ఎడమ భుజం లాగింది. అదీ కోపమే అనుకున్నాడు.

రేవు చేరగానే గోతాన్ని మోసుకెళ్లి సూపరింటెండెంటు బల్ల మీదే పెట్టాడు. బురదనీళ్లు ఫైళ్ల మీదికి కారాయి.

"ఏంటయ్యా ఇది? తియ్యి ముందు!"

"మీరు లారీలో పంపించిన గోతం సార్. ఇవాళ నా వల్లో పడింది."

"నీదేనని గ్యారంటీ ఏంటి? ముడి ఎవడైనా వేస్తాడు."

"అయితే విప్పండి సార్."

సూపరింటెండెంటు విప్పబోయాడు. గుమాస్తా పళ్లతో కూడా లాగి చూశాడు. ముడి ఇంకా బిగిసింది. చివరికి తలుపు దగ్గరున్న వాచ్‌మన్‌కే విసుగొచ్చింది.

"ఎందుకు సార్ ఈ తంటా? లారీ ఎప్పుడొచ్చింది కనక? మనమే కదా గట్టు చివర్నుంచి తోయిస్తున్నాం."

సూపరింటెండెంటు తడిసిన ఫైళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"లారీ వచ్చిన రోజున నేనే వచ్చి విప్పుతాను" అన్నాడు సరంగు. "అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

పడవలోకి తిరిగొచ్చి వలకుప్పకి ఆనుకుని కూర్చున్నాడు. డ్రైవరు టీ తెచ్చి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి గ్లాసు కింద పెట్టి భుజం పట్టుకున్నాడు. సరంగు పక్కకి ఒరిగిపోయాడు. ప్రాణం లేదు.

నాలుగో రోజున ఆఫీసువాళ్లు పిలిపించిన లారీ వచ్చింది. నిజంగానే వచ్చింది. లారీవాడు రేవులో మిగిలిన గోతాల మూతులు కోసి, లోపల చూసుకుని మరీ ఎక్కించుకున్నాడు. ఆఖరున వాచ్‌మన్ కత్తి పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు. లారీని కళ్లారా చూడాలని వచ్చిన సరంగు భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"కొయ్యకు నాయనా" అంది. "తనే వచ్చి విప్పుతానన్నాడంట కదా."

వాచ్‌మన్ కత్తి మడిచాడు.

బల్ల మీద గోతం ఎండిపోయి ఉంది. ముడి మీద ఉప్పు తెల్లగా పేరుకుంది.