గుంట లేని మగ్గం

"కండెలు చుట్టేది గూడ ఒక పనేనా, కూసోని సేతులాడించేదే గదా" అని సిద్దప్ప పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాడు. తరువాత పదేళ్ళూ అతడా మాట మళ్ళీ అనవలసిన అవసరం రాలేదు, పెళ్ళాం హంపమ్మే తనకు తాను చెప్పుకునేది. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో ఆమె చుట్టిన నూలంతా సాగదీస్తే ఆదోని కొండకు ఏడు చుట్లు చుట్టి, మిగిలిన కొసతో కోసిగి దాకా పోయి రావచ్చు. నమ్మనివాళ్ళు కొలుచుకోవచ్చు. చీర నేసిందెవరయ్యా అంటే మాత్రం సిద్దప్ప. కండెలు, వంట, నీళ్ళు, అత్త కాళ్ళు పట్టడం, ఇవన్నీ ఊరికే జరిగిపోయేవి.

డెబ్బై ఎనిమిదిలో ఆదోని సంతలో మాటామాటా పెరిగి సిద్దప్ప ఒకడి తల పగలగొట్టాడు. ఏడాదిన్నర కఠిన శిక్ష పడింది. మగ్గం మీద సగం చీర ఉండిపోయింది. నెల రోజులు దాన్ని చూసి చూసి, ఒక మధ్యాహ్నం హంపమ్మ తలుపు దగ్గరికి వేసి మగ్గం గుంటలోకి దిగింది.

మొదట్లో అంచులు కుక్క కొరికినట్టు వచ్చాయి. రెండు నెలలకు కాళ్ళకు తొక్కుడు చెక్కలు తెలిశాయి. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి తెలిసింది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి పిలవగానే లేవలేదు. నీళ్ళు అని అత్త కేకేస్తే, "గుంటలో ఉండా అత్తా" అంటే చాలు. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మొదటి జవాబు అది. అత్త గొణుక్కుంటూ తన నీళ్ళు తనే ముంచుకుంది, కొన్నాళ్ళకు గొణుక్కుంటూనే కండెలు చుట్టింది. హంపమ్మ సగం ఒళ్ళు నేల కింద దాచుకుని, తన ఆలోచన తను కొసదాకా ఆలోచించుకునేది. మధ్యలో ఎవరూ తెంపని ఆలోచన ఎంత పొడుగుంటుందో అప్పటిదాకా ఆమెకు తెలియదు.

అందుకే, బాగా పనిచేసినందుకు సర్కారు రెండు నెలల శిక్ష మాఫీ చేసిందని, ముందే వస్తున్నానని సిద్దప్ప కార్డు రాసినప్పుడు ఆమె కళ్ళు సంతోషించాయి గానీ కాళ్ళు చల్లబడ్డాయి. మొగుడొస్తుంటే దిగులు పడే ఆడది ఉంటుందా అని తనను తానే తిట్టుకుంది. వచ్చినవాడు ఏమంటాడో తెలుసు. లెయ్ అంటాడు.

వచ్చాడు. అత్త ఏడ్చి, ముక్కు చీది, "లెయ్యే, మగ్గమోడు వచ్చినాడు" అంది. హంపమ్మ వినబడనట్టు పడుగు పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసిరింది. సిద్దప్ప గడప మీద కూలబడి మగ్గాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. చూసి, జైలు సంగతులు ఎత్తుకున్నాడు.

తెల్లదొరల కాలంలో ఖైదీల చేత తిప్పించిన గానుగ ఇంకా అక్కడ గోడవార పడి ఉందట. ఇప్పుడు మగ్గాల షెడ్డు ఉంది, ఖైదీల చొక్కాలు, ఆస్పత్రుల దుప్పట్లు అన్నీ అందులోనే. మగ్గం నాకు వచ్చు అని సిద్దప్ప రొమ్ము విరుచుకుని చెప్పాడు. తీరా చూస్తే అది నిలువెత్తు చెక్క మగ్గం, కింద గుంట లేదు. గుంట లేకపోతే కాళ్ళెక్కడ పెట్టేది? మేస్త్రీని గడ్డపార అడిగాడు.

"సిన్న గుంట తవ్వుకుంటానంటినే" అన్నాడు సిద్దప్ప. "నేను సొరంగం తవ్వి పారిపోతాననుకోని ఈలలు ఊదినారు సూడు, నలుగురు వార్డర్లు మీద పడినారు."

అత్త కూడా నవ్వింది. ఆ తరువాత అతణ్ణి మగ్గం దాపులకు రానివ్వలేదట. ముసలి ఖైదీల పక్కన కూర్చోబెట్టి చివరిదాకా కండెలే చుట్టించారు. సాయంత్రం అయిదుకు గంట కొట్టేవాళ్ళు, ఆదివారం సెలవు, చేసిన పనికి మాఫీ. అయినా భుజం పడిపోయిందని రుద్దుకున్నాడు.

"పదేండ్లు సుట్టినా" అంది హంపమ్మ, నాడె ఆపకుండా. "నాకు గంట కొట్టినోళ్ళు లేరు."

సిద్దప్ప చెయ్యి భుజం మీదే నిలిచిపోయింది. మెత్తగా అన్నాడు.

"అయితే లెయ్. ఇంక నేను నేస్తా, నువ్వు సుకంగా ఉండు."

ప్రేమగానే అన్నాడు. మాట మాత్రం అదే మాట. హంపమ్మ నాడె పక్కన పెట్టింది.

"లెయ్యను. నువ్వింకో గుంట తవ్వుకో. ఈడ ఎవురూ ఈల ఊదరు. కండెలు ముగ్గురం సుట్టుకుందాం."

సిద్దప్ప ముందు నేలను చూశాడు, తరువాత భుజాలు కదిలేలా నవ్వాడు. గడ్డపార యాడుందని, గుంట యాడ తవ్వాలని అడిగాడు.

హంపమ్మ గుంటలో కాళ్ళు చాపుకుని, వేలితో చూపించింది.

"ఆ మూల. కిటికీ ఎలుతురు మాత్రం నాది."